పవర్ హ్యాక్‌సా బ్లేడు అంత త్వరగా ఎందుకు పోతుంది? కోత వంకర ఎందుకు వస్తుంది?

ఏ వర్క్‌షాపులోనైనా లేతుకు ఒక మనిషి ఉంటాడు, మిల్లింగ్ మిషనుకు ఒక మనిషి ఉంటాడు. ఇనుప రాడ్లను కోసే మోటారు రంపమైన పవర్ హ్యాక్‌సాకు మాత్రం ప్రత్యేకంగా ఎవరూ ఉండరు. షెడ్డు మూలన, రాడ్లు పేర్చిన చోటికి దగ్గర్లో దాన్ని పెడతారు. రాడ్డు బిగించి, స్విచ్ వేసి, ఎవరి పని మీద వాళ్ళు వెళ్ళిపోతారు. కోత పూర్తవగానే బ్లేడు బిగించిన ఫ్రేము కిందికి దిగి లిమిట్ స్విచ్‌ను తాకుతుంది, మిషను దానంతటదే ఆగిపోతుంది. హైదరాబాద్ బాలానగర్ షెడ్లలో చూసినా, విజయవాడ ఆటోనగర్‌లో చూసినా ఇదే తీరు.

కాపలా అక్కర్లేకపోవడం ఈ మిషనుకున్న పెద్ద గుణం. చిక్కు కూడా అక్కడే ఉంది. పక్కన ఎవరూ నిలబడరు కాబట్టి అది ఎలా కోస్తోందో ఎవరూ గమనించరు. బ్లేడు విరిగితే బ్లేడు నాసిరకమంటారు. కోత వంకర పోతే మిషను పాతబడిందంటారు. నాలుగు రాడ్లు కోసేసరికి పళ్ళు అరిగితే ‘ఈ మెటీరియల్ గట్టిది’ అని సరిపెట్టుకుంటారు. ఈ మూడు ఫిర్యాదుల వెనక చాలాసార్లు ఉండే కారణం ఒక్కటే: ఒక్కో పంటి మీద ఎంత బరువు పడుతోందో చూసుకోకపోవడం. ఎన్ని పళ్ళ బ్లేడు వాడాలి, బరువు ఎంత పెట్టాలి, నిమిషానికి ఎన్ని స్ట్రోకులు (బ్లేడు ఊపులు) ఉండాలి, ముక్కను పట్టి ఉంచే వైస్‌లో దాన్ని ఎలా పడుకోబెట్టాలి అని విడివిడిగా అడిగే ప్రశ్నలన్నీ చివరికి ఆ పంటి దగ్గరికే వచ్చి చేరతాయి.

ముందు మిషను సంగతి. చిన్న మిషన్లకు 1 హెచ్‌పీ, కాస్త పెద్దవాటికి 2 హెచ్‌పీ మోటారు ఉంటుంది. వీ-బెల్టు, గేర్లు కలిసి వేగాన్ని బాగా తగ్గించి క్రాంక్ చక్రాన్ని తిప్పుతాయి. చక్రం మీది పిన్నుకు కనెక్టింగ్ రాడ్, దాని చివర బ్లేడు బిగించిన ఫ్రేము. చక్రం ఒక చుట్టు తిరిగితే ఫ్రేము ఒకసారి ముందుకు వెళ్ళి ఒకసారి వెనక్కి వస్తుంది. కోత మాత్రం ఒకవైపే. చాలా మిషన్లు కోత కొడవలిలాగే లాగేటప్పుడు కోస్తాయి. కొన్ని మాత్రం తోసేటప్పుడు కోస్తాయి. రెండో స్ట్రోకులో హైడ్రాలిక్ సిలిండరో, క్యామో ఫ్రేమును కొద్దిగా పైకెత్తుతుంది, బ్లేడు ఇనుముకు తగలకుండా వెనక్కి పోతుంది.

ఈ ‘కొద్దిగా పైకెత్తడం’ మీద బ్లేడు ఆయుష్షు చాలా మటుకు ఆధారపడి ఉంది. హైడ్రాలిక్‌లో నూనె తగ్గినా, వాల్వులో మట్టి చేరినా లేవడం ఆగిపోతుంది. అప్పుడు పళ్ళు తమ వీపుల మీద బరువు మోస్తూ వెనక్కి రాసుకుంటూ వస్తాయి. మిషను ఆగదు, చప్పుడూ పెద్దగా మారదు, కోత కూడా సాగుతూనే ఉంటుంది. కానీ బ్లేడు వారం బదులు ఒక పూటలో మొద్దుబారుతుంది. దీన్ని పట్టుకోవాలంటే కోత మొదలైన మొదటి నిమిషంలో, బ్లేడు ఇంకా లోపలికి దిగకముందే, పక్క నుంచి వంగి చూడాలి. వెనకడుగు స్ట్రోకులో పళ్ళకూ రాడ్డుకూ మధ్య సన్నటి వెలుతురు గీత కనబడాలి. కనబడకపోతే మిషను ఆపి నూనె చూడండి.

బ్లేడు ఎటు తిప్పి బిగించాలన్నది కూడా దీనితోనే ముడిపడి ఉంది. చేతి హ్యాక్‌సాకు పళ్ళు ముందుకు చూస్తూ ఉండాలని ఐటీఐలో మొదటి వారంలోనే నేర్పుతారు. ఆ అలవాటుతో లాగుడు మిషనుకు కూడా అలాగే బిగించేవాళ్ళు ఉన్నారు. లాగుడు మిషనులో పళ్ళు క్రాంక్ ఉన్న వైపుకు చూడాలి. సందేహం వస్తే ఏ స్ట్రోకులో ఫ్రేము లేస్తోందో చూడండి, పళ్ళు దానికి ఎదురు దిక్కున కోయాలి.

రెండు పళ్ళు, పన్నెండు పళ్ళు

ఇక అసలు లెక్కకు వద్దాం. పవర్ హ్యాక్‌సా బ్లేళ్ళు మన దగ్గర అంగుళానికి 4, 6, 10, 14 పళ్ళతో ఎక్కువగా దొరుకుతాయి. 4 పళ్ళ బ్లేడులో పంటికీ పంటికీ మధ్య దూరం సుమారు 6.4 మిల్లీమీటర్లు, 6 పళ్ళదానిలో 4.2, పది పళ్ళదానిలో 2.5, పద్నాలుగు పళ్ళదానిలో 1.8.

50 మి.మీ. ఎంఎస్ (మైల్డ్ స్టీల్, మామూలు మెత్తటి ఉక్కు) రౌండ్ బార్‌ను 6 పళ్ళ బ్లేడుతో కోస్తున్నాం అనుకోండి. ఫ్రేము బరువు 30 కిలోలుగా బ్లేడు మీద పడుతోందనుకుందాం. బ్లేడు అర మిల్లీమీటరు దిగినప్పుడు రాడ్డు మీద అది తాకే వెడల్పు 10 మి.మీ. మాత్రమే. అంటే రెండు పళ్ళు. ఒక్కో పంటి మీద 15 కిలోలు. అదే బ్లేడు రాడ్డు నడిమికి వచ్చేసరికి తాకే వెడల్పు 50 మి.మీ., అంటే దాదాపు పన్నెండు పళ్ళు. ఒక్కో పంటి మీద రెండున్నర కిలోలు. బరువు మనం మార్చలేదు, రాడ్డు మార్చలేదు, అయినా పంటి మీది భారం ఆరింతలు తగ్గిపోయింది. సగం దాటాక మళ్ళీ పెరగడం మొదలై, చివర్లో మళ్ళీ రెండు పళ్ళ మీదికి వస్తుంది.

అందుకే లోపల బోలు లేని గుండ్రటి రాడ్డు కోసేటప్పుడు పళ్ళు రాలేది మొదట్లోనూ చివర్లోనూ. ఫ్రేమును ధబాలున వదిలేయకుండా చేత్తో పట్టుకుని మెల్లగా దించమని పాత ఫిట్టర్లు చెప్పేది ఇందుకే. నాలుగైదు మిల్లీమీటర్లు దిగేదాకా తేలిగ్గా పోనిచ్చి, ఆ తర్వాత బరువు పెంచాలి. ఫ్రేము మీద జరిపే బరువు ఉన్న మిషన్లలో దాన్ని చివరికి జరిపి వదిలేసి, ఏళ్ళ తరబడి కదపనివాళ్ళే ఎక్కువ. ఆ బరువు జరపడానికే పెట్టారు.

ఇప్పుడు పైపు చూద్దాం. రెండంగుళాల మీడియం క్లాసు జీఐ (జింకు పూత వేసిన ఇనుప) పైపుకు బయటి వ్యాసం 60 మి.మీ., గోడ మందం 3.6 మి.మీ. ఉంటుంది. ఇక్కడ వ్యవహారం తలకిందులు. మొదట్లో బ్లేడు పైపు నడినెత్తి మీద కూర్చుని, గోడ మందమంతా దిగేసరికి దాదాపు 28 మి.మీ. వెడల్పున తాకుతుంది. పళ్ళకు ఇబ్బంది లేదు. అక్కడి నుంచి కోత రెండు గోడలుగా చీలిపోతుంది. సగానికి వచ్చేసరికి ఒక్కో పక్క మిగిలేది 3.6 మి.మీ. గోడ మాత్రమే. 6 పళ్ళ బ్లేడులో పళ్ళ మధ్య దూరం 4.2 అని చెప్పుకున్నాం. అంటే ఆ గోడ మొత్తం రెండు పళ్ళ మధ్య సందులో పడిపోతుంది. తర్వాతి పన్ను వచ్చి గోడకు ఢీకొంటుంది, కోయదు, తగులుకుంటుంది. టక్‌మని ఒక పన్ను ఊడుతుంది. దాని ఖాళీలో గోడ ఇంకా లోతుగా పడుతుంది, పక్క పన్ను పోతుంది. అక్కడి నుంచి వరసగా పది పళ్ళు రాలడానికి ఒక్క నిమిషం చాలు.

కోతలో ఎప్పుడూ కనీసం మూడు పళ్ళు తాకుతూ ఉండాలన్న నియమం అందరికీ నోటికి వచ్చు. పైపుకు ఆ మూడు పళ్ళను మొత్తం వ్యాసం మీద లెక్కపెట్టడమే జరిగే పొరపాటు. గోడ మందం మీద లెక్కపెట్టాలి. అలా చూస్తే 3.6 మి.మీ. గోడకు పద్నాలుగు పళ్ళ బ్లేడు కూడా రెండు పళ్ళే ఇస్తుంది. కాబట్టి పైపుకు పద్నాలుగు పళ్ళది పెట్టి, నడిమికి వచ్చేసరికి బరువు తగ్గించాలి. రాడ్డుకు మొదట్లో జాగ్రత్త, పైపుకు మధ్యలో జాగ్రత్త. గోడ రెండు మిల్లీమీటర్లకు తగ్గితే దాన్ని ఈ మిషను మీద పెట్టకపోవడమే మంచిది. చేతి హ్యాక్‌సాకు 24, 32 పళ్ళ బ్లేళ్ళు ఉన్నది అలాంటి వాటికే.

ఎల్ యాంగిల్‌ను వైస్‌లో ఎలా పెట్టాలన్నదీ ఇదే లెక్క. ఒక రెక్క నిలువుగా, ఒకటి అడ్డంగా పెడితే నిలువు రెక్క కోసేంతసేపూ దాని మందం మీదే, అంటే ఐదారు మిల్లీమీటర్ల మీదే, బరువంతా పడుతుంది. కోణం పైకి వచ్చేలా, రెండు రెక్కలూ ఏటవాలుగా కిందికి దిగేలా పెడితే రెండు రెక్కలూ వాలుగా తెగుతాయి, తాకే వెడల్పు పెరుగుతుంది. ఫ్లాట్‌ను (చదును పట్టీని) నిలబెట్టకూడదు, పడుకోబెట్టాలి.

పళ్ళు ఎక్కువైతే మంచిదేగా అని ప్రతిదానికీ సన్న పళ్ళ బ్లేడు వాడితే ఇంకో రకం నష్టం. పన్ను చెక్కిన ఇనుము రాడ్డు దాటి బయటికి వచ్చేదాకా ఆ పంటి ముందున్న గుంటలోనే ఉండాలి. 100 మి.మీ. బోలు లేని రాడ్డును పద్నాలుగు పళ్ళ బ్లేడుతో కోస్తే ఒకేసారి యాభైకి పైగా పళ్ళు తాకుతాయి. అదే 30 కిలోలైతే ఒక్కో పంటి మీద పడేది దాదాపు అర కిలో బరువే. చిన్న గుంట సగం దారిలోనే నిండిపోతుంది, ఆ తర్వాత పన్ను కోయదు, తన చెత్త మీద తానే జారుతుంది. దానికి 4 పళ్ళ బ్లేడు కావాలి.

తక్కువ బరువు కూడా బ్లేడును చంపుతుంది

బరువు ఎక్కువైతే బ్లేడు విరుగుతుందని అందరికీ తెలుసు. బరువు తక్కువైనా పోతుందన్న మాట చాలామందికి నమ్మశక్యంగా అనిపించదు. పన్ను ఇనుములోకి దిగి చెక్కాలి. దిగడానికి చాలినంత బరువు లేకపోతే పైన రాసుకుంటూ పోతుంది. రాపిడి వేడి పుట్టిస్తుంది, పంటి మొన మొద్దుబారుతుంది, మొద్దుబారిన పంటికి దిగడానికి ఇంకా ఎక్కువ బరువు కావాలి.

స్టెయిన్‌లెస్ స్టీల్ దగ్గర ఇది మరీ ఘోరం. ఎస్‌ఎస్ 304 లాంటి రకాలు రాపిడికి, నలుగుడికి పైపొరలో గట్టిపడతాయి. ఒక్క నిమిషం బ్లేడు కోయకుండా రాసుకుంటే, కింద ఉన్న పొర మొదటికంటే గట్టిగా తయారవుతుంది. ఎస్‌ఎస్ అనగానే భయపడి బరువు తగ్గించి, వేగం అలాగే ఉంచేస్తారు. చేయాల్సింది దానికి పూర్తిగా వ్యతిరేకం: వేగం తగ్గించాలి, బరువు నిలకడగా గట్టిగా ఉంచాలి, కోత మధ్యలో ఊరికే ఆడనివ్వకూడదు.

వేగం సంగతి ఇక్కడే చెప్పుకోవాలి. స్ట్రోకు పొడవు 150 మి.మీ., నిమిషానికి 100 కోత స్ట్రోకులు అనుకుంటే, కోసే స్ట్రోకులో బ్లేడు సగటు వేగం నిమిషానికి 30 మీటర్లు. కానీ క్రాంక్‌తో నడిచే ఏ వస్తువైనా రెండు చివర్లలో క్షణం ఆగి, నడుమ పరుగెత్తుతుంది. నడిమి వేగం నిమిషానికి 47 మీటర్ల దాకా పోతుంది. అందుకే తీసి పారేసిన బ్లేడును వెలుతురులో పట్టుకుని చూస్తే రెండు చివర్ల పళ్ళకు రంగు కూడా పోయి ఉండదు, నడిమి పళ్ళ మొనలు మాత్రం చదునై మెరుస్తూ ఉంటాయి. 350 మి.మీ. బ్లేడుతో 50 మి.మీ. రాడ్లు కోస్తూ పోతే పనిచేసేది 200 మి.మీ. మేర మాత్రమే. బెడ్డు మీద వైస్ దవడను ఒక బోల్టు రంధ్రం పక్కకు మార్చగలిగితే, అరగని పళ్ళు పనిలోకి వస్తాయి. ఈ చిన్న మార్పు చేసేవాళ్ళు చాలా తక్కువ.

ఎంఎస్‌కు నిమిషానికి 100, ఆపైన కొద్దిగా స్ట్రోకులు ఉండొచ్చు. ఈఎన్8, ఈఎన్24 లాంటి, ఎంఎస్ కంటే గట్టి స్టీళ్ళకు 70 నుంచి 90. టూల్ స్టీలుకు, స్టెయిన్‌లెస్‌కు 50, 60 దగ్గర ఉంచాలి. స్టెప్ పుల్లీ (వేగానికో మెట్టు ఉన్న కప్పీ) ఉన్న మిషన్లలో బెల్టు మార్చడానికి రెండు నిమిషాలు పట్టదు. అయినా చాలాచోట్ల మిషను కొన్న రోజు నుంచీ బెల్టు వేగం ఎక్కువ ఉన్న మెట్టు మీదే ఉంటుంది.

బ్లేడు దేనితో చేశారో కూడా చూడాలి. హైస్పీడ్ స్టీలులో టంగ్‌స్టన్, మాలిబ్డినం ఉంటాయి. ఆ బలంతో 600 డిగ్రీల సెల్సియస్ వేడి దాకా మొన గట్టిదనం నిలుస్తుంది. మామూలు కార్బన్ స్టీలు 200 డిగ్రీలు దాటగానే మెత్తబడుతుంది. పూర్తి హైస్పీడ్ బ్లేడు వంగదు, కోత నిటారుగా వస్తుంది. కానీ పట్టేస్తే గాజులా ముక్కలై ఎగురుతుంది. బైమెటల్ బ్లేడులో పళ్ళ అంచు మాత్రమే హైస్పీడ్ స్టీలు, వీపు సాగే గుణమున్న స్టీలు. పళ్ళు ఊడతాయి గానీ బ్లేడు చిట్లదు. నేర్చుకునే కుర్రాళ్ళు ఉన్న చోట, అడ్డదిడ్డమైన ఆకారాలు కోసే చోట బైమెటలే వాడాలి. రెంటి ధరలకూ తేడా ఉంది, కానీ కంటికి తగిలిన ముక్క ఖరీదు ముందు ఆ తేడా లెక్కలోది కాదు. ఏ బ్లేడు వాడినా కళ్ళద్దాలు లేకుండా ఆ మిషను ముందు వంగి చూడకూడదు.

అసలే గట్టిపరిచిన ముక్కలను, పాత బేరింగ్ రేసుల్లాంటి వాటిని, ఏ హైస్పీడ్ బ్లేడూ కోయదు. అనుమానం ఉంటే మూల మీద ఒక పాత ఆకురాయితో గీసి చూడండి. ఆకురాయి పట్టకుండా జారితే బ్లేడును వృథా చేసుకోవద్దు.

బిగింపు గురించి ఒక ముక్క. బ్లేడు వదులుగా ఉంటే కోతలో పక్కకు వంగుతుంది, మరీ బిగిస్తే పిన్ను రంధ్రం దగ్గర తెగుతుంది. కొత్త బ్లేడు రెండు మూడు కోతలయ్యాక వేడికి కొద్దిగా సాగుతుంది, అప్పుడు ఇంకోసారి బిగించాలి. ఇది మరిచిపోవడం వల్లే కొత్త బ్లేడుతో కూడా కోత వంకర వస్తుంది.

బ్లేడు కోత మధ్యలో విరిగితే కొత్తది బిగించి అదే సందులో దించకండి. పళ్ళు ఒకటి కుడికి, ఒకటి ఎడమకు వంచి ఉంటాయి కాబట్టే సందు బ్లేడు మందం కంటే వెడల్పుగా తెగుతుంది. అరిగిన బ్లేడు పళ్ళ పక్కలు అరిగి, సందు ఇరుకుగా కోసి ఉంటుంది. కొత్త బ్లేడు అందులో ఇరుక్కుని మొదటి పది స్ట్రోకుల్లోనే పాడవుతుంది, లేదా విరుగుతుంది. రాడ్డును తిప్పి ఎదురు వైపు నుంచి కొత్తగా మొదలుపెట్టాలి.

లోపల ఏం జరుగుతోందో చెప్పేది రజను. బాగా కోస్తున్న బ్లేడు కింద చిన్న చిన్న చుట్టలు పడతాయి, చేత్తో ముట్టుకోకుండా బ్రష్షుతో తీసి చూస్తే ఒక్కోటి విడిగా, తెల్లగా ఉంటుంది. పొడిలా పడుతుంటే పన్ను దిగడం లేదు, రాసుకుంటోంది: బరువు తక్కువైంది, లేదా బ్లేడు అయిపోయింది. చుట్టలు మందంగా, నీలం రంగు తిరిగి వస్తుంటే వేడి ఎక్కువైంది: వేగం తగ్గించండి, కూలెంట్ (కోతను చల్లబరిచే ద్రవం) చూడండి. కూలెంట్‌గా సోలబుల్ ఆయిల్‌ను (నీళ్ళలో కలిసే నూనెను) పది నుంచి ఇరవై పాళ్ళ నీళ్ళలో కలిపి వాడతారు. అది బ్లేడు రాడ్డులోకి దూరే చోట పడాలి, వైస్ మీద కాదు. పోత ఇనుముకు కూలెంట్ వద్దు. దాని రజను నల్లటి పొడి, తడి తగిలితే ముద్దై పళ్ళ సందుల్లో పేరుకుంటుంది.

బ్యాండ్‌సా వచ్చాక ఇది ఎందుకు?

రోజంతా రాడ్లు కోసే చోట, చుట్టుగా అతికిన పట్టీ బ్లేడుతో కోసే బ్యాండ్‌సాదే పైచేయి, అందులో వాదన లేదు. దాని బ్లేడు ఆగకుండా ఒకే దిక్కుకు తిరుగుతుంది, హ్యాక్‌సా సగం సమయం ఖాళీగా వెనక్కి వస్తుంది. సందు మందం చూసినా తేడా ఉంది. హ్యాక్‌సా సందు సుమారు 2.5 మి.మీ., బ్యాండ్‌సాది 1.5 మి.మీ. అనుకుంటే వెయ్యి కోతలకు ఒక మీటరు రాడ్డు అదనంగా రజనైపోతుంది. 50 మి.మీ. ఎంఎస్ రాడ్డు అయితే అది 15 కిలోల పైమాటే. ఇత్తడి కోసేవాళ్ళకు ఆ నష్టం ఇంకా బరువుగా తగులుతుంది.

కానీ రోజుకు పదో ఇరవయ్యో ముక్కలు కోసుకునే చిన్న షాపుకు హ్యాక్‌సానే సరైనదని నా అభిప్రాయం. బ్యాండ్‌సా బ్లేడు తెగితే చక్కగా వెల్డింగ్ చేసేవాడు కావాలి, గైడ్లు సరిచేసుకోవాలి, బ్లేడు ఖరీదూ ఎక్కువే. హ్యాక్‌సా బ్లేడును ఎవరైనా ఐదు నిమిషాల్లో మార్చేస్తారు. రాపిడి చక్రంతో కోసే చాప్‌సా ఫ్యాబ్రికేషన్ సైటు మీద యాంగిళ్ళకు బాగుంటుంది గానీ, తెగిన అంచు వేడికి గట్టిపడి తర్వాత డ్రిల్లుకూ ట్యాపుకూ లొంగదు. లేతు మీదికి వెళ్ళాల్సిన ముక్కకు అది పనికిరాదు.

సెకండ్‌హ్యాండ్ మిషను కొనేవాళ్ళు రంగు చూసి, మోటారు చప్పుడు విని బేరం ముగించేస్తుంటారు. ముందు ఫ్రేమును రెండు చేతులా పట్టుకుని అటూ ఇటూ ఊపండి. ఫ్రేము జారే గైడ్లలో ఆట (వదులు) ఉంటే చేతికి తెలుస్తుంది. ఆ వదులును సరిచేసే గిబ్ స్క్రూలు బిగించినా ఆట పోకపోతే గైడ్లు అరిగిపోయినట్టే, ఆ మిషను నిటారుగా కోయదు. కోసేటప్పుడు వెనకడుగు స్ట్రోకులో లేస్తోందో లేదో పక్కనుంచి చూడండి. వైస్ కదలని దవడకు మూలమట్టం పెట్టి, బ్లేడుతో 90 డిగ్రీలు వస్తోందో చూడండి. ఇవి సరిగా ఉంటే తుప్పు, రంగు, పాత బెల్టు పట్టించుకోనక్కర్లేదు. ఆ తర్వాత మీరే తీసుకెళ్ళిన కొత్త బ్లేడు బిగించి, 50 మి.మీ. రాడ్డు ముక్క ఒకటి కోయించి, తెగిన ముఖాన్ని మూలమట్టంతో రెండు దిక్కులా చూడండి. లేతు మీద ఫేసింగ్‌కు (తెగిన ముఖాన్ని చదును చేయడానికి) రెండు మూడు మిల్లీమీటర్లు వదిలేస్తాం కాబట్టి, అర మిల్లీమీటరు వాలు ఉన్నా తీసుకోవచ్చు. రెండు మిల్లీమీటర్లు వాలితే బేరం వదులుకోండి, లేదా గైడ్లు చేయించడానికయ్యే ఖర్చు తగ్గించి ధర చెప్పండి.